ఊట అయినాక

కాటన్‌పేటలో అంజినమ్మకు నోరు పెద్దదని పేరు. ఊదుబత్తీల షెడ్డులో కూర్చుని బత్తీలు చుడుతూ ఆమె మాట్లాడితే పక్క వీధిలో వినబడేది. అలాంటి మనిషి, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక డాక్టరు ముందు ఒక్క మాట పూర్తిగా చెప్పలేకపోయింది. చెప్పనిస్తే కదా!

ఆమె మొగుడు చెన్నరాయప్ప మండీలో దూది బేళ్ళు మోసేవాడు. రెండు పూటలా ఇంతింత రాగిముద్ద మింగే మనిషికి కడుపులో మంట పట్టుకుంది. డాక్టరు కడుపు నొక్కి చూసి, లోపల పుండు ఉందన్నాడు. ముద్ద ముట్టుకోవద్దు, గంజి తాగమన్నాడు. సీసా నిండా తెల్లటి మందు ఇప్పించి, ఊట అయినాకే తాగాలని గట్టిగా చెప్పి, వెనకనున్న వాళ్ళను పిలిచాడు.

ఊట అంటే అక్కడి వాడుకలో భోజనం. ఆ ఇంట్లో భోజనమంటే ముద్ద. దోసెలు తిన్నా, పెళ్ళిలో అన్నం తిన్నా, ముద్ద దిగకపోతే ఊట కానట్టే లెక్క. ఇక గంజి ఏపాటిది? ముద్ద లేదు గనుక ఊట లేదు, ఊట లేదు గనుక మందు లేదు. సీసాను గూట్లో పెట్టి, మొగుడు మంట తాళలేక ఎక్కడ తాగేస్తాడోనని అంజినమ్మ కాపలా కూడా కాసింది.

మనిషి చిక్కిపోతుంటే మళ్ళీ వెళ్ళారు. చెప్పినట్టే చేస్తున్నారా అని డాక్టరు అడిగాడు. చేస్తున్నామన్నారు. అందులో అబద్ధమేముంది? ముద్ద ఎప్పుడు పెట్టొచ్చు సామీ అని అంజినమ్మ అడిగింది. మొగుడి కడుపు కాలిపోతుంటే నీకు ముద్ద గొడవేమిటని ఆయన కసిరాడు. ఆ తర్వాత వెళ్ళినప్పుడూ అదే ప్రశ్న, అదే కసురు. చెన్నరాయప్ప మాత్రం రెండుసార్లూ గంగిరెద్దులా తలూపాడు. ఇంటికి వచ్చేదాకా అంజినమ్మ మొగుణ్ణీ డాక్టరునూ కలిపి తిట్టింది.

చివరికి నడవలేని మనిషిని జట్కాలో వేసుకుని తీసుకెళ్ళింది. మందుకు లొంగలేదు, పెద్దాసుపత్రికి పంపి కడుపు కోయించాల్సిందే అన్నాడు డాక్టరు. చెన్నరాయప్ప దానికీ తలూపాడు. అంజినమ్మకు గుండె జారింది. కోతకని వెళ్ళిన షెడ్డు మేస్త్రి మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. ఇక ఆమె ఆగలేదు.

"మందు లోపలికి పోతే కదా సామీ లొంగేది? నువ్వు ముద్ద పెట్టనీవు. ముద్ద లేకుంటే ఊట ఎట్లయితాది? ఊట కాకుంటే మందెట్ల పోసేది?"

డాక్టరు రాస్తున్న చెయ్యి ఆగింది. అయితే ఇన్నాళ్ళూ ఏం తింటున్నాడని మొదటిసారి అడిగాడు. గంజి అని చెప్పింది.

"గంజి తాగినాక మందు ఇయ్యలేదా?"

"గంజి ఊట అయితాదా ఎక్కడన్నా?"

కొత్త మందు పోస్తారేమోనని తెచ్చిన సీసాను చెంగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. బిరడా దాకా నిండుగా ఉంది. డాక్టరు దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది ముందే అడగొచ్చు కదమ్మా," అన్నాడు మెల్లగా.

"వచ్చినప్పుడంతా అడిగితి కదప్పా. నీకు ముద్ద ఒకటే ఇనబడె."

డాక్టరు, పొద్దున గంజి తాగే వచ్చాడా అని అడిగి, అవునంటే లేచాడు. బిరడా తీసి, మందు గ్లాసులో పోసి, తనే చెన్నరాయప్ప నోటికి అందించాడు. చెన్నరాయప్ప పెదవులు బిగించుకుని పెళ్ళాం వైపు చూశాడు.

"తాగు," అంది అంజినమ్మ. "ఊట అయింది."