నడుస్తదక్కా

బీదర్‌లో మా ప్రెస్సు కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు దేనికైనా ఒకటే మాట అనేవాడు: "నడుస్తదక్కా."

కొత్త కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అది తెరుచుకోలేదు. దాని తాళం పాత కంప్యూటర్ వెనక గుచ్చి ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి ముక్క. అది తీయకుండానే పాతదాన్ని తుక్కుకు వేసేశాడు. అడిగితే నా మీదే విసుక్కున్నాడు.

"ఈడ తెలుగు ఎవరు చదువుతరక్కా? కన్నడల కొట్టు, నడుస్తది."

మొన్న వాళ్ళమ్మ పోయింది. చర్చిలో పెట్టే జ్ఞాపక కూడిక కార్డుకని తెలుగులో రాసుకుని వచ్చాడు.

"అమ్మ బైబిల్ తెలుగుదక్కా. కార్డు గూడ తెలుగులనే ఉండాలె."

నేను ఆ సాఫ్ట్‌వేర్ మీద నొక్కి, తెర అతని వైపు తిప్పాను. తాళం లేదని మళ్ళీ చూపించింది. రాసుకొచ్చిన కాగితం మడిచాడు.

"కన్నడలనే కొట్టక్కా" అన్నాడు.

నడుస్తది అనలేదు.