చిన్నవ్వ ఇంట ఒక్క నిద్ర

మా వైపు చుట్టమింటికి పోతే తిని రావడం ఒక్కటే సరిపోదు, నిద్ర చేయాలి. పొద్దున వచ్చి సాయంత్రం పోయిన మనిషిని వచ్చినట్టే లెక్కపెట్టరు. "ఒక్క నిద్ర జేసి పోరాదు" అని చేతిలో సంచి గుంజుకుంటారు. అట్లాంటి చోట మా అవ్వ, నన్ను కన్న తల్లి, సొంత చెల్లెలింట్లో ఇరవై ఏళ్ళ పాటు ఒక్క నిద్ర చేయలేదు. ఎందుకు చేయలేదో నాకు తెలుసు. ఆ చెల్లెలికి, మా చిన్నవ్వకు, తెలియదు. చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది అవ్వ.

అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో బడులు సరిగా నడవని ఆ ఏడు, మెట్‌పల్లి దగ్గర మా చుట్టాల పెళ్ళికి పోయాం. ఆడవాళ్ళందరం పెద్దర్రలో జంబుఖానా పరుచుకుని పడుకున్నాం. తెల్లవారి బావి దగ్గర పళ్ళు తోముకుంటుంటే మగపెళ్ళివారి పెద్దావిడ ఒకామె అవ్వ వైపు చూసి గట్టిగా అంది.

"రాత్రంత ఇంట్ల గిర్ని నడిచింది గదా వదినె. మరి పట్టిన పిండేది?"

"పిండి గాదు, మక్కలు పట్టింది. గందుకే అంత చప్పుడు" అని ఇంకొకామె మూతి ముందుకు పెట్టి అవ్వ గురకను అట్లాగే తీసి చూపించింది. బావి దగ్గర నవ్వు అరుగు మీది మగవాళ్ళ దాకా పాకింది. అవ్వ మొగుడు, మా బాపు కూడా నవ్వాడు.

ఈ బాపు గురక పెడితే మా ఇంట్లో అందరం అడుగులు మెల్లగా వేసేవాళ్ళం. పొద్దంతా ఎండలో అలిసిన మనిషి నిద్ర చెడకూడదని. అవ్వ పొద్దంతా అదే ఎండలో నాటు వేసి వచ్చి గురక పెడితే మాత్రం ఇంటికి అరిష్టం. ఒకే గొంతుక, ఒకే గాలి, ఒకే చప్పుడు. మగవాడి ముక్కులోంచి వస్తే కష్టం, ఆడదాని ముక్కులోంచి వస్తే సిగ్గులేనితనం. ఇంత అన్యాయమైన తర్కం ఏ పురాణంలోనూ నాకు కనబడలేదు.

తిరుగు బస్సులో అవ్వ నా చేయి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పకు బిడ్డా. మీ చిన్నవ్వకు అసలే చెప్పకు. నా మీద ఒట్టు."

చిన్నవ్వ ఆ పెళ్ళికి రాలేదు. నర్సు చదువులో ఉంది. ఆ తర్వాత కొన్నాళ్ళకే క్రైస్తవ మిషన్ సంఘానికి చెందిన ఒక బడి పంతులును పెళ్ళి చేసుకుని భైంసాలో కాపురం పెట్టింది. భూములున్న మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఆమె పేరెత్తడం మానేశారు. చుట్టాలూ రాకపోకలు తెంపుకున్నారు. అవ్వ ఒక్కతే తెంపుకోలేదు. బాపుతో కొట్లాడి మరీ పోయేది. మొదటి బస్సుకు పోయి, ఆర్మూరులో మారి, నిర్మల్‌లో మారి, చెల్లెలు వండింది కడుపునిండా తిని, ఆఖరి బస్సుకు తిరిగొచ్చేది. చిన్నవ్వది ఒకటే అర్ర. అందులోనే పొయ్యి, అందులోనే పడక. చదువుకున్న మరిది అదే అర్రలో పడుకుంటే ఆయన ముందు గిర్నీ నడపడమా? ఆ మాట అవ్వ నాతో అనడానికి కూడా సిగ్గుపడింది.

చిన్నవ్వ తనకు తోచిన అర్థం తీసుకుంది. ఒకసారి నేను ఒక్కదాన్నే పోయినప్పుడు అడిగింది.

"మీ అవ్వ మా ఇంట్ల తింటది గని పండది. ఎందుకే?"

"పనులు చిన్నవ్వా, బర్రెలు..."

"బర్రెలు నాకు తెల్వయా? తినుడంటే ఆకలికి తింటది. మా పటం కింద కన్ను మూసుడు మీ అవ్వతోని గాదు తియ్యి."

గోడ మీద శిలువ ఉన్న క్యాలెండరు. కింద ఆమె భర్త, మా చిన్న బాపు, బడి పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "వదినెకు అలవాటు లేదు. నువ్వు జర ఓపిక పట్టు." ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఇప్పటికీ గుర్తుంది.

చెప్పేస్తే అయిపోయేది. అప్పటికే నేను కరీంనగర్‌లో పాఠాలు చెబుతూ, సభల్లో మాట్లాడుతూ, ఒట్లూ శకునాలూ మనిషి నోటికి వేసిన తాళాలని వ్యాసాలు రాస్తున్నాను. ఒట్టు తప్పితే అవ్వ తల పగులుతుందని నేను నమ్మలేదు. అవ్వ నమ్మింది. ఆమెకు చిన్న జ్వరం వచ్చినా నేను ఒట్టు తప్పానేమోనని నా మొహంలోకి చూసేది. ఆ చూపుకు జవాబు చెప్పే వ్యాసం నాకు రాయడం రాలేదు.

చిన్న బాపు గుండెపోటుతో పోయాడు. ఆయన్ని మట్టి చేసే రోజు భైంసా పోయాం. వాకిట్లో పందిరి, పందిరి కింద వచ్చినవాళ్ళందరికీ వరుసగా చాపలు. పిల్లలు లేని చిన్నవ్వ అవ్వ కొంగు పట్టుకుంది. "ఇయ్యాల్ల ఒక్కనాడన్న ఉండక్కా." అవ్వ ఆ చాపల వైపు చూసింది. అక్కడ మరిది తరఫు వాళ్ళంతా ఉన్నారు. కళ్ళనిండా నీళ్ళతో కొంగు విడిపించుకుని ఆఖరి బస్సు ఎక్కింది. నేను ఆగిపోయాను. ఆ రోజు తర్వాత చిన్నవ్వ అక్కను ఉండమని ఎప్పుడూ అడగలేదు.

ఏడాది దాటాక మా అమ్మాయి ఎత్తుపళ్ళకు క్లిప్పు వేయించడానికి కరీంనగర్‌లో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. తీసి పెట్టుకునే క్లిప్పు. అంగిలికి సరిపోయే గులాబీ రంగు బిళ్ళ, దానికి ముందు పళ్ళను నొక్కే తీగ. పిల్ల పళ్ళ అచ్చు తీస్తుండగా, తోడు వచ్చిన అవ్వ బెంచీ మీద ఒరిగి కన్నంటుకుని గురక మొదలుపెట్టింది. ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వ ఉలిక్కిపడి లేచి కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

డాక్టరమ్మ నవ్వలేదు. దగ్గరికి వచ్చి చెప్పింది. "పెద్దమ్మా, నిద్రల కింది దవడ ఎనుకకు జారుతది. నాలుక గూడ దానెంట పోయి గాలి తొవ్వకు అడ్డం పడతది. గంతే. దవడను జర ముందల పట్టి ఉంచితే సప్పుడు తగ్గుతది. దానికి గూడ క్లిప్పు ఉంటది."

"గంతేనా?" అంది అవ్వ. పాపం కాదు, శాపం కాదు, అరిష్టం కాదు. జారిన దవడ. ఇన్నేళ్ళు నేను వేదికల మీద అరిచి చెప్పలేని సంగతి డాక్టరమ్మ రెండు మాటల్లో తేల్చేసింది.

ముందు రక్తపోటు చూపించుకు రమ్మంది. తర్వాత పైపళ్ళకూ కింది పళ్ళకూ అచ్చు తీసింది. చల్లని ముద్ద నోట్లో గట్టిపడేదాకా అవ్వ నా చేయి వదలలేదు. తయారైనవి రెండు బిళ్ళలు, ఒకదాన్నొకటి పట్టుకుని కింది దవడను ముందుకు నిలిపేవి. మొదట్లో చొల్లు కారింది, పొద్దున లేస్తే దవడలు లాగేవి. రెండుసార్లు పోయి అరగదీయించుకొచ్చాం. మధ్యాహ్నాలు అవ్వ అది పెట్టుకుని పడుకునేది, నేను పక్కన కూర్చునేదాన్ని. లేవగానే ఒకటే ప్రశ్న. "వచ్చిందా?"

"రాలే అవ్వా."

"నిజంగ?"

"నిజంగ."

ఒకరోజు నేను ఆ మాట అనగానే లేచి సంచి సర్దుకుంది.

భైంసాలో తలుపు తీసిన చిన్నవ్వ మమ్మల్ని చూసి పక్కకు జరిగింది. "ఆఖరి బస్సు నాలుగింటికే అక్కా. యాదికుంచుకో."

"పోతే పోనీ బస్సు" అంది అవ్వ.

చిన్నవ్వ నా వైపు చూసింది. నేను సంచి లోపల పెట్టాను. రాత్రి జొన్న రొట్టెలు తిన్నాక ఇద్దరూ ఒకే చాప మీద ఒరిగారు. అవ్వ గోడ వైపు తిరిగి, కొంగు చాటున బిళ్ళలు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను గడపలో కూర్చున్నాను. చప్పుడు లేదు. అవ్వ నిద్రపోయింది. చిన్నవ్వ నిద్రపోలేదు. అటు తిరిగింది, ఇటు తిరిగింది. లేచి అవ్వ ముక్కు దగ్గర చేయి పెట్టి చూసింది. భుజం పట్టి కుదిపింది.

"అక్కా! ఓ అక్కా!"

అవ్వ అదిరిపడి లేచింది. నోట్లో బిళ్ళలతో మాట రాలేదు. తీసి అరచేతిలో పెట్టుకుంది.

"గదేందే?"

"గురక రాకుంట... క్లిప్పు." అవ్వ తల దించుకుంది. "మరిది ముందల, నలుగుట్ల, గిర్ని లెక్క..."

"గురకనా?" చిన్నవ్వకు మొదట అర్థం కాలేదు. "నీ గురక నాకు తెల్వదా? నీ పెండ్లయ్యేదాక నీ పక్కల పండుకున్నది నేను గాదా? గా సప్పుడు లేకుంటె నాకు నిద్దర పట్టకపోయేది. ఇప్పుడు గూడ సప్పుడు లేదని సచ్చిపోయినవో ఏమో అని లేపిన."

అవ్వ నోరు తెరిచింది. గురక పెళ్ళయ్యాక వచ్చిన రోగం అనుకుంది ఆమె ఇన్నేళ్ళూ.

"గందుకేనా? ఇన్నేండ్లు గందుకేనా?" చిన్నవ్వ గొంతు లేచింది. "ఆయన గురకకు నేను చెవులల్ల దూది పెట్టుకొని పండేదాన్ని. పత్తి పండే భైంసల దూదికేం కరువు? నేను దేవుణ్ణి మార్చిన్నని నువ్వు పండుతలేవనుకున్న. ఆయన గూడ గట్లనే అనుకుండు. గట్ల అనుకుంటనే పోయిండు గదే!"

చిన్నవ్వ అక్క చేతిలోంచి బిళ్ళలు తీసుకుంది. కడిగి, తుడిచి, డబ్బీలో పెట్టి గూట్లో పెట్టింది. "ఈ ఇంట్ల ఇది వద్దు."

ఒట్టు వేసిన నా చేయి అప్పుడు ఒళ్ళో ఖాళీగా పడి ఉంది. ఒకే ఒక్క వాక్యం, ఆయన బతికుండగా చెప్పి ఉంటే! అవ్వ రెండు రోజులు అలిగేది. ఆయన నవ్వి, చెవిలో దూది పెట్టుకుని వదినెకు మంచం వేసేవాడు.

తెల్లవారి గోడ అవతలి నుంచి పొరుగావిడ అడిగింది. "రాత్రంత గంత చప్పుడు ఏంది బాయీ?"

చిన్నవ్వ వాకిలి ఊడుస్తున్న చీపురు ఆపింది. వాడంతా వినబడేట్టు చెప్పింది.

"మా అక్క వచ్చింది. మా ఇంట్ల నిద్ర జేసింది."

లోపల అవ్వ చిన్న బాపు ఫోటో ముందు నిలబడి ఉంది. ఆయనకు వినబడిందేమోనన్నట్టు చూస్తోంది.