నా బదులు అత్తమ్మ చెప్పిన జవాబు

మోకాలి నొప్పికని నిన్న సైదాబాద్‌లో ఆస్పత్రికి వెళితే, మోకాలు చూడకముందే నర్సమ్మాయి నన్ను ఒక్కదాన్నే లోపల కూర్చోబెట్టి, నిద్ర పడుతోందా, దేనిమీదైనా ఇష్టం తగ్గిందా, బతుకు బరువనిపిస్తోందా అని మెల్లగా అడిగింది. ఏళ్లతరబడి నొప్పితో ఉన్నవాళ్లందరినీ ఇప్పుడు అక్కడ ఇలాగే అడుగుతున్నారట. నా వయసు వాళ్లకు ఇది వింతే కదా. మన కాలంలో ఎక్కడ నొప్పి అనేవారే గానీ, మనసెట్లా ఉందని అడిగిన పుణ్యాత్ములు ఎందరు? నన్ను ఒకరు అడిగారు, అందుకే ఈ నాలుగు మాటలు.

కార్వాన్‌లో మా అత్తవారిది పాల వ్యాపారం. రెండో కాన్పు తర్వాత పట్టుకున్న నడుంనొప్పి ఏళ్లు గడిచినా నన్ను వదల్లేదు. నూనెలు మర్దన చేశారు, పట్టీలు వేశారు, దర్గాలో తాయెత్తు కట్టించారు. నొప్పి సంగతి ఇల్లంతా ఎరుగు గానీ, తెల్లవారితే మళ్లీ లేవాలా అని నాకు ఏడుపొచ్చేదని, అసలు లేవకపోతే బాగుండునని అనుకునేదాన్నని ఎవరికీ చెప్పలేదు. కన్న పిల్లలే ముద్దొచ్చేవారు కారు. అది తలుచుకుని ఇంకా ఏడ్చేదాన్ని.

మా ఇంట్లో కోడలిని డాక్టరు దగ్గరికి తీసుకెళితే జవాబులు అత్తే చెప్పాలి, అది మర్యాద. నేను బొమ్మలా కూర్చుంటే, తింటదా అంటే తింటదని, పండుకుంటదా అంటే పండుకుంటదని మా అత్తమ్మ గడగడా అప్పజెప్పేది. ఒక రోజు, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, ఇదివరకు ఇష్టంగా చేసే పని ఏదైనా మానేసిందా అని అడిగింది. అత్తమ్మ నోరు తెరిచి, ఆగిపోయి, నా మొహంలోకి చూసింది. ఈసారీ అంతా మంచిగనే అనేస్తుందనుకున్నాను.

“పాలు పిండేటప్పుడు కూనిరాగం తీస్తుండె డాక్టరమ్మా. ఇప్పుడు తీస్తలేదు. బర్రె గూడ మల్లి మల్లి ఈమె దిక్కు చూస్తది. నొప్పికే గట్లయిందనుకున్న, పిల్ల లోపల్లోపల కుములుతున్నదని ఎరుక లేకపాయె.”

ఆ గదిలోనే భోరుమన్నాను. డాక్టరమ్మ అత్తమ్మను కాసేపు బయట కూర్చోమని, మిగిలినదంతా నా నోటితోనే చెప్పించింది. ఎడతెగని నొప్పి మనసునూ కుంగదీయవచ్చనీ, కుంగిన మనసుకు నొప్పి ఇంకా పెరిగినట్లుంటుందనీ, రెండింటికీ వైద్యం ఉందనీ చెప్పింది. వాడకట్టు వాళ్ల దగ్గర అన్నీ నడుము మందులేనని సర్దిచెప్పి, వేళకు గోళీ నా చేతిలో పెట్టింది అత్తమ్మే. నొప్పి పూర్తిగా పోలేదు, తగ్గింది. ఒక పొద్దున నాకు తెలియకుండానే రాగం వచ్చింది. కొట్టం గుమ్మంలో చెంబుతో నిలబడ్డ అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని వెనక్కి వెళ్లిపోయింది. డాక్టరమ్మ, అత్తమ్మ, ఆ ఇద్దరి రుణం నాకు తీరేది కాదు.

ఇప్పుడు కొట్టం లేదు, బర్రెలు లేవు, అత్తమ్మా లేదు. అడగడం మాత్రం వచ్చింది, తలుపు వేసి ఎవరి మాట వాళ్లే చెప్పుకునే వీలూ వచ్చింది, సంతోషం. “మంచిగనే ఉన్న బిడ్డా, పొద్దున చాయ్ పెట్టుకుంట రాగం గూడ తీస్తున్న” అని నర్సమ్మాయికి చెప్పి, అలవాటుగా పక్క కుర్చీ వైపు తిరిగాను. ఔనో కాదో చెప్పే మనిషి ఆ కుర్చీలో లేదు.