ఒకే నెత్తురు, రెండు రిపోర్టులు

జహీరాబాద్ చుట్టుపక్కల ఎవరి బోరులోనైనా మోటారు ఇరుక్కుపోతే ముందు సదాశివకే ఫోను వచ్చేది. న్యాల్‌కల్ నుంచి రాయికోడ్ దాకా ఏ చేలో బోరు ఎంత లోతో, ఏ బోరులో కేసింగు గొట్టం ఎక్కడ వంకర తిరిగిందో అతనికి గుర్తు. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, గొలుసు తగిలించి, జోడీదారు సంగయ్యతో కలిసి ఒక్కో పైపూ పైకి లాగేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నేను పొద్దంత బోర్ల కాడనే ఉంట. ఇంట్ల ఆమె ఎవలతోని మాట్లాడాలె?" అని నవ్వేవాడు.

అతనికి ఉన్నది అక్క శరణమ్మ ఒక్కతే. బీదర్ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన తల్లిదండ్రులు తొందరగా పోవడంతో తమ్ముణ్ని ఆమే పెంచింది. భర్త పోయాక పిండిగిర్నీ కూడా తనే నడుపుకుంటోంది. ఇంట్లో ఇద్దరూ కన్నడం మాట్లాడుకునేవారు, బజారులో తెలుగు. కోపం వస్తే మాత్రం రెండూ కలగలిసిపోయేవి.

సదాశివకు నడుంనొప్పి మొదలైనప్పుడు శరణమ్మ పెద్దగా పట్టించుకోలేదు. ఇనప పైపులు లాగేవాడికి నడుం నొయ్యక ఏంచేస్తుంది? మెడికల్ షాపులో నొప్పి గోళీలు తెచ్చుకుని మింగేవాడు, మళ్లీ పనికి పోయేవాడు. తర్వాత చొక్కాలు వదులయ్యాయి. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఒకరోజు గిర్నీ దగ్గర కూర్చుని గట్టిగా దగ్గాడు. పక్కటెముక విరిగింది.

దగ్గితే ఎముక విరగడం ఎక్కడైనా ఉందా? శరణమ్మకు అప్పుడు భయం పట్టుకుంది. ఊళ్లో డాక్టరు ఎక్స్‌రే చూసి హైదరాబాద్ పొమ్మన్నాడు. అక్కడి డాక్టరు కూడా అదే ఫిల్మును చాలాసేపు చూశాడు. "ఎముకల లోపలి మూలుగలో ఒక రకం కణాలు అదుపు తప్పి పెరిగితే ఎముకలు ఇట్లా బలహీనపడతాయి. ఆ జబ్బుంటే రక్తపరీక్షలో ఒక గీత కనిపిస్తుంది, చూద్దాం" అని ఒక టెస్టు రాశాడు.

రిపోర్టు వచ్చింది. అనుమానించిన గీత అందులో లేదు. డాక్టరు నవ్వుతూ, "భయం లేదమ్మా" అని ఎముకల బలానికి మందులిచ్చాడు. మరుసటి వారం శరణమ్మ ఝరాసంగం గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి, గిర్నీకి వచ్చినవాళ్లందరికీ ప్రసాదం పంచింది.

"చూసినవా అక్కా, ఉత్తగనే ఫికర్ చేసినవ్" అన్నాడు సదాశివ.

ఆ ధైర్యంతోనే మళ్లీ బోర్ల దగ్గరికి పోయాడు. నొప్పి తగ్గలేదు, గోళీలు పెరిగాయి. జబ్బేమీ లేదని కాగితమే చెప్పిందిగదా, ఇక నొప్పికి ఎవరు భయపడతారు? వానాకాలం గడిచేసరికి కాళ్లు వాచాయి. మొహం ఉబ్బింది. ఏం తిన్నా కక్కేవాడు. ఈసారి హైదరాబాద్‌లో ఇంకో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయన్నారు. అక్కడి డాక్టరమ్మ పాత రిపోర్టు చూసి కూడా తృప్తిపడలేదు. ఇంకో రక్తపరీక్ష రాసింది, మూలుగ నీరు కూడా తీయించింది.

ఆనాడు లేదన్న జబ్బు ఇప్పుడు ఉందన్నారు.

"మరి అప్పుడు ఏం లేదని చెప్పిన్రు గద మేడం? గా రిపోర్టు తప్పా?" అని అడిగింది శరణమ్మ.

"తప్పు కాదమ్మా" అంది డాక్టరమ్మ. "ఈ కణాలు మామూలుగా ఒక పెద్ద ప్రొటీన్ తయారుచేస్తాయి. అది ఆ టెస్టులో గీతలాగా కనిపిస్తుంది. మీ తమ్ముడి కణాలు దాని చిన్న ముక్కల్ని మాత్రమే తయారుచేస్తున్నాయి. వాటిని లైట్ చైన్లంటాం. అవి ఆ టెస్టుకు చిక్కకుండా కిడ్నీల్లోకి జారి పేరుకుపోతాయి. వాటిని పట్టే టెస్టు వేరు."

శరణమ్మ గిర్నీ నడిపే మనిషి. పెద్ద కన్నాల జల్లెడలో సన్నపిండి నిలవదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. విషయం అర్థమైంది. అర్థమైనందుకే ఏడుపు ఆగలేదు.

"అప్పుడే రెండూ చేపిచ్చి ఉంటే, వీని కిడ్నీలు మిగులుతుండెనా?"

డాక్టరమ్మ పాత రిపోర్టును మడిచి పక్కన పెట్టింది. "కొంత మిగిలేవేమో. చెప్పలేనమ్మా."

సూదిమందు మొదలైంది. వారానికోసారి పొట్టలో ఇచ్చేవారు. అలాంటి ఒకరోజు తమ్ముణ్ని దవాఖాన మంచం మీద పడుకోబెట్టి, శరణమ్మ ఒక్కతే మొదటి ల్యాబు వెతుక్కుంటూ పోయింది. అందరిముందూ కడిగిపారేయాలని పోయింది. కౌంటర్‌లో ప్రియాంక అనే అమ్మాయి ఆమె అరుపులన్నీ విని, కుర్చీ చూపించి, కంప్యూటర్‌లో పాత రిపోర్టు తీసింది.

"అమ్మా, మాకు రాసిచ్చింది గీ ఒక్క టెస్టే. దాంట్ల నిజంగనే గీత లేదు. ఇప్పుడు చేసినా గట్లనే రావచ్చు."

"అయితే తప్పెవలదమ్మా?"

ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. మంచినీళ్ల సీసా తెచ్చి చేతిలో పెట్టింది. రాసిన డాక్టరు ఆ దవాఖాన వదిలి ఏదో ఊరు వెళ్లిపోయాడట. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోగా శరణమ్మ తమ్ముడి దగ్గరికి తిరిగొచ్చింది.

మందు పనిచేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. ప్రతిసారీ రక్తంలో ఆ ముక్కల లెక్క చూసేవారు. అది దిగుతూ వచ్చింది. అంకెల అర్థం శరణమ్మకు తెలియకపోయినా, పోయినసారి కంటే చిన్న అంకె అంటే చాలు, ఆ వారమంతా చేతులు తేలిగ్గా ఆడేవి.

ఒకసారి సదాశివ బస్సులో కూర్చోలేనన్నాడు. జహీరాబాద్‌లోనే నెత్తురు తీసి పంపే చోట ఇచ్చారు. వచ్చిన అంకె చూస్తే పోయినసారి కంటే చాలా పెద్దది. సదాశివ రిపోర్టును పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"తమ్మీ, జర లేచి ఇంత గంజన్న తాగురా."

"మందు కూడ పనిచేస్తలేదంటే ఇగ ఏం తాగాలె అక్కా?"

రెండు రోజులు అతను గంజి ముట్టలేదు. శరణమ్మ గిర్నీ మూసేసింది. చివరికి ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి పోతే, ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తల అడ్డంగా ఊపింది.

"ఇది వేరే కంపెనీ పద్ధతిలో చేసింది. ఒకే రక్తం ఇచ్చినా రెండు పద్ధతుల్లో రెండు అంకెలు వస్తాయి. దీన్నీ దాన్నీ పోల్చకూడదు. మొదటినుంచీ చేస్తున్న చోటే చేయించాలి."

"మరి రెండిట్ల ఏది నిజం మేడం?" అన్నాడు సదాశివ.

"దేని లెక్కలో అది నిజమే."

అతను తల వంచుకున్నాడు. మళ్లీ పాత చోటే నెత్తురు ఇచ్చి ఎదురుచూశారు. ఆ ఎదురుచూసిన రోజుల్లో శరణమ్మ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరచిపోయేది. అంకె పెరగలేదు, ఇంకాస్త దిగింది. జబ్బు అణిగింది. కానీ కిడ్నీలు తిరిగి రాలేదు. ఇక డయాలసిస్ మీదే బతకాలన్నారు. నీళ్లు కూడా కొలత ప్రకారమే తాగాలి.

ఈ ఎండాకాలం రాయికోడ్ దగ్గర జగదీశ్ అనే రైతు బోరులో మోటారు పడిపోయింది. ఎవరు లాగినా రాలేదు. "ఉత్తగ కూసొని చెప్తే చాలన్నా, మిగిలింది మేం చూసుకుంటం" అని సంగయ్య వచ్చి బతిమాలాడు. శరణమ్మ వద్దంది. మళ్లీ తమ్ముడి మొహం చూసి తనే ఆటోలో ఎక్కించి తీసుకుపోయింది.

సదాశివ గట్టు మీద కుర్చీలో కూర్చుని చెబుతూ పోయాడు. "ఎడమకు తిప్పు. గుంజకు, గుంజకు. జర వదులు." ఒక పైపు బిగింపు జారబోతే గభాలున లేచాడు. రెండడుగులకే కాళ్లు తడబడ్డాయి. సంగయ్య ఒక చేత్తో గొలుసు పట్టుకుని ఇంకో చేత్తో అతన్ని ఆపాడు. సదాశివ వెనక్కి వచ్చి కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి మోటారు బయటపడింది. కొత్తది దింపి స్విచ్చు వేస్తే ముందు బురదనీళ్లు, తర్వాత తేటనీళ్లు ధారగా దూకాయి. జగదీశ్ పొంగిపోయి చెంబు నిండా పట్టుకొచ్చి సదాశివ చేతికిచ్చాడు.

"నీ పుణ్యమే అన్నా, ముందుగాల నువ్వు తాగాలె."

శరణమ్మ వద్దని చెప్పబోయి ఆగింది. సదాశివ చెంబులోకి చూశాడు, రెండు వేళ్లు ముంచి పెదాలు తడుపుకున్నాడు.

"తియ్యగున్నయ్ నీళ్లు" అని చెంబును సంగయ్యకు ఇచ్చేశాడు.