దుర్గవ్వ నోట రాని మాట

మామూలు బీఏకు పరీక్షలు పాసైతే చాలు. ఆనర్స్ కావాలంటే మాత్రం, డెబ్బై తొమ్మిదిలో మా కామారెడ్డి కాలేజీలో ఇంకో మెలిక ఉండేది. చదువు రాని పెద్దవాళ్లలో ఒకరికి చదవడం నేర్పి, బయటినుంచి వచ్చే సారు ముందు చదివించాలి. చదవకపోతే ఆనర్స్ లేదు. ఆనర్స్ లేకపోతే హైదరాబాదులో నాకు ఎమ్మే సీటు లేదు. ఈ మెలిక పెట్టిన మహానుభావుడెవరో గాని, మా ఊరు ఎల్లారెడ్డిలోని దుర్గవ్వకు ఒక్కపూట పాఠం చెప్పి ఉంటే ఆ సాయంత్రమే రద్దు చేసేవాడు.

దుర్గవ్వది మా పక్కిల్లు. బీడీలు చుట్టేది. ఆ చెయ్యి ఆగేది కాదు, నోరు అసలే ఆగేది కాదు.

"నాకు సదువెందుకురా ఘనీ? సదివి కలెక్టర్నైతనా?" అంది.

"నువ్వు కావు అవ్వా, నేనన్న ఏదో ఒకటైత" అని కాళ్లావేళ్లా పడ్డాను.

"అయితే గా కత్తెర పట్టు. నువ్వు ఆకు కత్తిరియ్యి, నేను అక్షరాలు దిద్దుత."

అట్లా కుదిరింది. ఆమె పలక మీద దిద్దేది, నేను తునికాకు కత్తిరించేవాణ్ణి. అక్షరం వంకరపోతే తప్పు నాదే, ఆకు వంకరపోయినా తప్పు నాదే. "ఏం సారువురా నువ్వు, చేతులల్ల సత్తువ లేదు" అని తిట్టేది. మా అమ్మ అజ్మత్ బీ గోడ మీదినుంచి తొంగిచూసి, "దుర్గక్కా, నీకు సదువొచ్చుడేమో గని, మావోనికి బీడీల పని మంచిగొచ్చింది" అనేది. ఒళ్లు మండిపోయేది నాకు.

కాని నేర్చుకుంది మహాతల్లి. బస్సుల మీది ఊరి పేర్లు, గోడల మీది రాతలు గట్టిగా చదివి, "గిదేనా? దీనికేనా గింత కత?" అనేది.

పరీక్షనాడు ఆమె, ఆమె పెనిమిటి రాజలింగు బాపు, నేను ముగ్గురం బస్సెక్కి కామారెడ్డి వచ్చాం. బాపు నోట్లో నాలుక లేని మనిషి, వరండాలో కూర్చున్నాడు. సారు కూడా మంచివాడిలాగే ఉన్నాడు. "భయపడకమ్మా" అంటూ బోర్డు మీద రాశాడు:

రాజలింగు బజారుకు పోయి ఉప్పు తెచ్చెను.

లోకంలో ఇన్ని పేర్లుండగా ఈయనకు ఇదే దొరికిందా! మా దిక్కు ఆ కాలపు ఆడవాళ్లు మొగని పేరు పలకరు. తల తీసినా పలకరు.

దుర్గవ్వ బోర్డు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చదువమ్మా."

ఉలకదు, పలకదు.

"మొదటి మాటే రాలేదంటే..." అంటూ సారు పెన్ను తీశాడు.

"సార్, అసలు సంగతేందంటే..."

"నువ్వు మాట్లాడకు. అందిస్తే ఫెయిలే."

ఏడుపొచ్చింది నాకు. ఇన్ని నెలలు ఆకు కత్తిరించింది ఇందుకా! ఎమ్మే సీటు కళ్లముందే పోతోంది.

అప్పుడు దుర్గవ్వ కొంగు తీసింది. "సారూ, గంత సదువుకున్నవు, అబద్ధం రాస్తవా?"

"అబద్ధమా?"

"కాదా మరి? పెండ్లయిన కాడినుంచి ఒక్కనాడన్న బజారుకు పోయిండా గాయన? ఉప్పు తెచ్చిండట, ఉప్పు! ఇంట్ల ఉప్పు యాడుంటదో ఎరుకనా?"

సారు తెల్లబోయాడు. "ఎవరికమ్మా?"

"గాయనకే. అగో, బయట కూసున్నడు."

సారు కిటికీలోంచి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఆయన పేరదే సార్" అన్నాను.

సారుకు నవ్వాగలేదు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకొని, పాస్ అని రాసేశాడు. నాకు అక్కడే గంతులెయ్యాలనిపించింది.

"మరి రాయడానికి పట్టింపు లేదా అమ్మా?" అని అడిగాడు సారు.

"నోటితోని అనొద్దన్నరు గని, రాయొద్దని ఎవ్వలు జెప్పలే" అంటూ దుర్గవ్వ సుద్దముక్క అందుకుంది. ఖాళీగా ఉన్నచోట వంకరటింకరగా రాజలింగు అని రాసింది. రాసి అట్లాగే చూస్తూ నిలబడింది. ఆ నోరు అంతసేపు ఊరుకోవడం నేనెన్నడూ చూడలేదు. తర్వాత వరండాలోకి పోయి, బాపును రెక్క పట్టుకొని తీసుకొచ్చింది.

"అగో, గది నువ్వే."

రాజలింగు బాపుకు అక్షరం ముక్క రాదు. ఇన్నేళ్ల కాపురంలో నోటితో కాకున్నా ఆమె తన పేరెత్తడం ఆయనకదే మొదటిసారి. తలరుమాలు తీసి చేత పట్టుకొని, బోర్డు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"మల్లొక్కసారి రాయవే" అన్నాడు.