కొసరు పాట

మా అక్క పాటలు ఇంటర్నెట్‌లో అమ్మే పని నెత్తిన వేసుకున్నప్పుడు ఇంత సుఖమైన వ్యాపారం ఉంటుందా అనుకున్నాను. సరుకుకు బరువు లేదు. మడత పెట్టక్కర్లేదు. ఎలుకలు కొట్టవు, వానకు తడవదు. ఒకసారి తయారు చేస్తే ఎంతమందికైనా అమ్మొచ్చు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మా నాయన పెట్టిన పంచెలు, తువ్వాళ్ళ అంగట్లో గల్లాపెట్టె పక్కన పెరిగాను నేను. ఇప్పుడా గల్లాపెట్టె నాదే. గుండు కొట్టించుకుని కొండ దిగి వచ్చిన మనిషి మొహం చూస్తే అతనిది ఏ ఊరో, ఎంతకు దిగుతాడో, ఎప్పుడు లేచి పోతున్నట్టు నటిస్తాడో చెప్పేస్తాను. "ఇంతకన్నా తగ్గితే మాకే నష్టం" అనే అబద్ధాన్ని నాలుగు భాషల్లో గొంతు వణికిస్తూ చెప్పగలను. ఇన్ని విద్యలున్న దాన్ని, ఐదు పాటలు అమ్మలేనా అనుకున్నాను.

అక్కను నగరిలో ఇచ్చారు. వాళ్ళ ఇంటి ముందు గదిలో నాలుగు మరమగ్గాలున్నాయి. అక్కా, బావా కూలికి నేస్తారు. మగ్గాలు వీళ్ళవే కానీ నూలు షావుకారుది. పడుగు నూలు చుట్టిన బీములు షావుకారు వ్యాన్‌లో వస్తాయి, నేసిన బట్ట అదే వ్యాన్‌లో పోతుంది. బీము మీద నూలు అయిపోయేలోపు కొత్త బీము రాకపోతే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే ఇంట్లో కూలి ఆగుతుంది. వాళ్ళ సంసారం మొత్తం ఆ వ్యాన్ రాకపోకల మీద నడుస్తుంది.

అక్క పాటలన్నీ ఆ మోతలోనే పుట్టాయి. మగ్గాల మధ్య మామూలు మాట వినపడదు కాబట్టి గొంతెత్తి రాగం తీసి మాట్లాడటం అలవాటైంది ఆమెకు. కరెంటు పోగానే వీధి మొత్తం ఒక్కసారి మూగబోయే క్షణం మీద ఒక పాట కట్టింది. చెన్నై రైలెక్కి పనికి పోయే ఆడపిల్లల మీద ఒకటి, మామిడికాయల లారీ వెనక పరుగెత్తే పిల్లల మీద ఇంకొకటి. మగ్గాలు ఆపి పాడమంటే తాళం తప్పేది. చేసేది లేక ఫోనుకొక మైకు తగిలించి, గాలి మోత రాకుండా దానికి మా అంగడి తువ్వాలు చుట్టి, మగ్గాలు ఆడుతుండగానే రికార్డు చేశాను.

పాటలు వినే యాప్‌లలో పెట్టాం. అక్కడ జనం వింటారు, చేతికి మాత్రం ఏమీ రాదు. అందుకని కొనుక్కుని దాచుకునే సైటు ఒకదానిలో కూడా పెట్టాం. అక్కడ ధర మనమే వేసుకోవచ్చు. ఇంకేం, నా ఇలాకాలోకి వచ్చింది అనుకున్నాను. అడిగినప్పుడు తగ్గించడానికి వీలుగా మొదటే ధర బాగా ఎక్కించి కూర్చున్నాను. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఇంటర్నెట్‌లో వచ్చేవాడు బేరమాడడు. చూస్తాడు, పోతాడు. పోయేవాణ్ణి "అన్నా, ఇట్లా రా, నువ్వే ఒక మాట సెప్పు" అని వెనక్కి పిలవడానికి అక్కడ వీధి ఉండదు. నెలంతా నేను నా సరుకును నాకే చూపించుకుంటూ గడిపాను. ధర సగానికి దించాను. అప్పుడు కూడా కొన్నది మా పిన్ని కొడుకు. అదీ నేను దుడ్డు పంపిస్తే.

ప్రచారం చేయాలన్నారు తెలిసినవాళ్ళు. రోజూ ఒక వీడియో పెట్టమన్నారు. మగ్గం ముందు అక్కను నిలబెట్టి వీడియోలు తీశాను. అంగడికి వచ్చినవాళ్ళకు తువ్వాలు మడతలో పాటల లింకున్న చీటీ పెట్టి ఇచ్చాను. ఒక పెద్దాయన మర్నాడు తిరిగి వచ్చి, "ఈ చీటీ చూపిస్తే ఎంత తగ్గిస్తారమ్మా?" అని అడిగాడు.

మెల్లగా కొందరు వచ్చారు. పుత్తూరులో పుట్టి బెంగళూరులో ఉద్యోగం చేసే ఒకాయన ఐదు పాటలూ కొని, "ఐదేనా మేడమ్? ఇంకేం లేవా?" అని మెసేజ్ పెట్టాడు.

ఆ మాటతో నా చెయ్యి ఊరుకోలేదు. మా అంగట్లో బేరం తెగి, దుడ్డు చేతికొచ్చాక, పొట్లంలో ఒక చేతిరుమాలు వేసి ఇస్తాం. కొన్నవాడు గెలిచినట్టు నవ్వుకుంటూ పోతాడు, మళ్ళీ ఏడాది కుటుంబంతో వస్తాడు. కొసరు వెయ్యకుండా పంపిన గిరాకీని మా నాయన వీధి మలుపు దాకా చూస్తూ బాధపడేవాడు. మరి పాట కొన్నవాడికి ఏం వెయ్యాలి? అక్క ఫోన్‌లో ఒక పాట ఉంది. కూతురిని నవ్వించడానికి వంటింట్లో పాడింది.

మచ్చ యాడుండాదప్పా షావుకారా, సూపించు
పంచె ఇటు తిప్పి, అటు తిప్పి, ఎండలో బెట్టి సూపించు
నీ కండ్లద్దాల మీదుంటే తుడ్సుకో షావుకారా
మా కూలి మాత్రం కొయ్యబాకు

నేసిన బట్టలో మచ్చ ఉందని, పోగు తప్పిందని చెప్పి కూలిలో కోత పెట్టడం ఆ పనిలో మామూలే. అక్కకు ఫోన్ చేసి, కొన్నవాళ్ళకు ఇది కొసరుగా వేస్తానని చెప్పాను. అక్క పడీపడీ నవ్వింది.

"ఇయ్యి మే. మంచిపాటలే ఎవురూ ఇనడం లేదు, దీన్ని ఎవురింటారు?"

అందరూ విన్నారు.

కొన్నవాళ్ళలో ఎవరో దాన్ని పంచెల వీడియోకు తగిలించి వదిలారు. అది తిరిగి తిరిగి నగరికే చేరింది. ఆటోల్లో, టీ అంగళ్ళలో అదే. బడిలో పిల్లలు కళ్ళద్దాల సారును చూసి "తుడ్సుకో, తుడ్సుకో" అని గుసగుసలాడుతున్నారని అక్క కూతురు చెప్పింది. మొదటి రెండు రోజులు అక్కా నేనూ ఫోన్‌లో మురిసిపోయాం. సైటుకు కూడా జనం వస్తున్నారు, ఐదు పాటలూ కొంటున్నారు. కొసరు లాగిన గిరాకీ అంటే ఇదీ అని నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

ఆ వారం వ్యాన్ రాలేదు.

బావ ఫోన్ చేశాడు. ఆయన మామూలుగా నాతో ఫోన్‌లో మాట్లాడడు. "బీములు పల్చబడినాయి మా. రెండు మగ్గాలు అప్పుడే ఆగినాయి, మిగతావి రేపో ఎల్లుండో ఆగిపోతాయి. వ్యాన్ డ్రైవరు మా వీధిలోకే వచ్చి, మా ఇంటి ముందర హారన్ కూడా కొట్టకుండా పొయినాడు" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, ఎదురు చెప్పుకునేదాన్ని.

మర్నాడు అంగడి మూసి నగరి బస్సెక్కాను. దారి పొడుగునా ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత అడగాలి, ఎక్కడ మెత్తబడాలి అని లెక్కలు వేసుకున్నాను. అక్కను వెంటబెట్టుకుని షావుకారు ఇంటికి వెళ్ళాను. బావ రానన్నాడు. "నేనొస్తే కాళ్ళ మీద పడాల. మీరు పోతే మాట్లాడొచ్చు" అన్నాడు.

షావుకారు బక్కపల్చటి మనిషి. బట్టల మూటల మధ్య చాప మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని కూర్చోమని కాఫీ తెప్పించాడు. కాఫీ ఇచ్చాడంటే ఇవ్వడానికి ఇంకేదో కూడా ఉందని నాకు ధైర్యం వచ్చింది.

"అంగడి ఎట్లుండాది పాపా?" అన్నాడు నాతో.

"ఏం చెప్పేది మామా. కొండకు పొయ్యే జనం పోతానే ఉండారు, మా గడప మాత్రం తొక్కడంల్యా."

"నీ నోరుంటే గడపలు వాళ్ళే తొక్కుతారులే. నా మీద పాట అమ్ముతా ఉండావంట కదా?"

ఇక్కడే నాకు మంచి జవాబు దొరికిందనుకున్నాను. "దేవుడి తోడు మామా, అమ్మలా. ఒక్క పైసా తీసుకోలా. ఉత్తినే ఇచ్చినా, కొసరుగా."

ఆయన చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఉత్తినేనా? అమ్మినా బాగుండు గదమ్మా. ముప్పై ఊర్లకు బట్ట పంపించే మనిషిని. నా పరువు నీకు కొసరుకు ఇచ్చే సరుకుగా కనిపించిందా?"

జీవితంలో మొదటిసారి ఎదుటివాడి మాటకు నా దగ్గర తగ్గింపు గానీ పెంపు గానీ లేకపోయింది. ఆయన అలవాటుగా కళ్ళద్దాలు తీసి, కండువా అంచుతో తుడవబోయి, సగంలో ఆగాడు. మా ఇద్దరి వైపూ చూసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు. "మా మనవరాలు కూడా పాడతా ఉండాది. నా ముందర ఆపేస్తాది, అటు తిరిగినాక పాడతాది" అన్నాడు గోడతో చెప్పినట్టు.

తర్వాత బేరంలోకి వచ్చాడు. పాట తీసేయాలి. అక్క ఒక వీడియోలో కనిపించి, అది ఎవరి మీదా కట్టింది కాదు, షావుకారు మచ్చ లేకుండా కూలి కొయ్యడు అని చెప్పాలి. అలా చేస్తే నాలుగు మగ్గాలకూ బీములు సాయంత్రమే వస్తాయి.

నేను ఫోన్ తీసి, ఆయన చూస్తుండగానే సైటు నుంచి పాట తీసేశాను. జనం ఫోన్లలోకి పోయింది నా చేతిలో లేదని కూడా చెప్పాను. ఆయన తల ఊపాడు. ఇక వీడియో. అది అక్క చెప్పాల్సింది. చిన్న మాటే కదా, చెప్పేస్తుంది, బీములు వస్తాయి, పొద్దుగూకేలోపు బస్సెక్కొచ్చు అని లోపల అప్పుడే మూట కట్టేసుకుంటున్నాను.

అక్క ఇప్పుడు మెల్లగా అడిగింది. "మామా, పోయిన తూరి ఒక పంచెకు కూలి కోసినారు గదా. ఆ పంచె ఇంకా ఈడనే ఉంటే తెప్పించండి. మచ్చ యాడుండాదో సూపించండి. సూపిస్తే మీరు సెప్పమన్నట్టే సెప్తా, మీ కాళ్ళకు దండం కూడా పెడతా."

నేను అక్క మోకాలి మీద గిల్లాను. ఆమె కాలు కదల్లేదు.

షావుకారు మూటల వైపు చూశాడు. ఎవరినీ పిలవలేదు. పంచె రాలేదు. "రెండు బీములు పంపిస్తా. పాట తీసేసినందుకు" అన్నాడు చివరికి. "మిగతా రెండు ఆ వీడియో వచ్చినాక."

మూడుకు లాగాలని చూశాను. పిల్ల చదువు చెప్పాను, బావ నడుం నొప్పి చెప్పాను, అరగంట మాట్లాడాను. రెండు రెండుగానే ఉంది. సాయంత్రం వ్యాన్ వచ్చి రెండు బీములు దించి పోయింది. ఆగిపోయిన మగ్గాల మీద దుమ్ము పడకుండా బావ పాత లుంగీలు కప్పాడు. అంగట్లో అయితే సగం గెలిచిన బేరం అనుకునేదాన్ని. అక్కడ నిలబడి చూస్తుంటే అలా అనుకోవడానికి మనసు రాలేదు. అక్క మాత్రం నన్ను వాకిట్లోకి తీసుకుపోయింది.

"ఆయన సెప్పింది నిజమే మే. ఉత్తినే ఇయ్యకూడదు. బాగా పాడి ఇస్తా, ధర పెట్టి అమ్ము."

"పిచ్చి పట్టిందా అక్కా? ఉండే రెండూ పోతాయి."

"పొయినవి రెండు ఈ పాటకే గదా పొయినాయి. అంత పెట్టి కొనుక్కున్నాక పెట్టెలో దాస్తామా?"

వారం తిరక్కుండా పాట పంపింది. ఈసారి వంటింట్లో నవ్వుతూ పాడింది కాదు. నింపాదిగా, ఒక్కో మాటా తూచి వదిలింది. సైటులో పెట్టాను. ధర వెయ్యాల్సిన చోట మాత్రం ఏమీ వెయ్యలేదు. వేస్తే గానీ అది బయటికి పోదు. ఎంత వెయ్యాలి? ఆగిన రెండు మగ్గాల కూలి కలిపి వేసుకోవాలా, మిగిలిన రెండూ కలుపుకోవాలా? ఎంత వేస్తే అవి తిరిగి వస్తాయి? అక్క రోజూ అడిగేది, "పెట్టినావా మే?" అని. "ధర తేలలేదక్కా" అనేదాన్ని. వ్యాపారపు తెలివనుకుంటుందిలే అని నా ఆశ.

నిన్న మాత్రం ఆమె నవ్వింది. "భయపడతా ఉండావు. సరే, ఈ రెండు బీములూ నేసి అయిపోనీ. ఆ కూలి సేతికి రానీ. ఆ పొద్దు పెట్టు."

"ఆ తర్వాత?"

"తర్వాత సూసుకుందాంలే. అంగట్లో పుట్టింది నువ్వొక్కదానివే అనుకుంటివా?"

అప్పటినుంచి నేనే ఫోన్ చేస్తున్నాను. ఈ పొద్దు రెండుసార్లు చేశాను. మోత వెనక నుంచి అక్క గట్టిగా "ఏం మే?" అంటుంది. బీము మీద ఇంకెంత నూలుందని అడుగుతాను. "ఇంకా ఉండాదిలే" అంటే ఆ పూటకు అన్నం సహిస్తోంది.