చుక్కల వెంట పోయిన మా మేనకోడలు

మా చెల్లెలి కూతురు పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను తిరుమణి దగ్గర సోలారు పలకలు కడుగుతున్నాను. ఒకప్పుడు అక్కడే మాకు శనక్కాయ చేను ఉండేది. మేస్త్రీ నా మొహం చూసి, బండి మీద ఇంటి దగ్గర దించాడు.

ఆమె బెంగళూరులో పీహెచ్‌డీ చేసేది. ఊళ్లో ఎవరడిగినా “పెద్ద చదువు” అని గొప్పగా చెప్పేవాణ్ణి. అంతకు మించి నాకూ తెలియదు. జబ్బుతో ఇల్లు చేరాక తనే విప్పి చెప్పింది. మన ఒంట్లోని కణాలకు వెలిగే రంగు కలిపి, మైక్రోస్కోపులో వరసగా ఫొటోలు తీస్తారట. నల్లటి తెర మీద పచ్చటి చుక్కలు కనబడతాయి. ఒక ఫొటోలోని చుక్క తర్వాతి ఫొటోలో ఎక్కడికి జరిగిందో పట్టుకుని, దాని దారి గీయాలి. కంప్యూటరే గీస్తుంది కానీ, రెండు చుక్కలు కలిసి విడిపోతే తికమకపడి దీని దారి దానికి అంటగడుతుంది. అప్పుడు మనిషి కన్ను కావాలి.

మొదటిసారి ఆమె కంప్యూటరు తెర చూసి తడి తువ్వాలుతో తుడవబోయాను.

“ఏం చేస్తాండావు మామా! అది నా పీహెచ్‌డీ!”

“పిట్ట రెట్ట అనుకుంటి పాపా.”

“నీకు మచ్చలు తుడిచేదానికి జీతమిస్తారు, నాకు కాపాడేదానికిస్తారు. మనిద్దరికీ యాడ కుదుర్తాది?” అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

మసకబారిన చుక్కను కూడా వదిలేది కాదు. “వెలుగు తగ్గిందని లేదనుకోకూడదు మామా, తర్వాతి ఫొటోలు ఇంకా చూడల్ల” అనేది.

తుమకూరు డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమెకు మాత్రం మిగిలిన ఫొటోలు ముగించాలనే పట్టుదల.

“గంజి దిగదు, ఈ చుక్కలెందుకే నీకు?” అని మా చెల్లెలు ఏడ్చేది.

“ఇది ముగిస్తే పడుకుంటామ్మా.”

పోయే ముందురోజు మధ్యాహ్నం కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చుంది. లోపల ఊపిరాడదు, బయట వెలుతురుకు చుక్కలు కనబడవు. నా కంబళి ఇద్దరి తలల మీదా కప్పి, ఒక చేత్తో ఎత్తి పట్టుకున్నాను.

“నా కండ్లకు ఆనడంల్యా మామా. ఈ రెండూ కలిసి విడిపోయినాయి కదా, పైకి పోయింది ఏది?”

పుట్టినప్పటినుంచి ఎవరి ముందూ తెలియదని అన్నవాణ్ణి కాదు. ఆ ఫొటోలు మళ్లీ మళ్లీ వేయించుకుని చూశాను. రెండూ ఒకేలాగున్నాయి. ఏదో ఒకటి చెప్పేద్దామా, పని ముందుకు పోతుంది కదా అనిపించింది.

“తెలీడంల్యా పాపా.”

“అయితే దాని దారి ఆడికే ఆపేద్దాం. ఊహించి గీయకూడదు.”

ఆపింది. “ఇంకా శానా ఉండాయి, కొంచేపు పడుకుంటా” అని నా భుజానికి తల ఆనించింది.

తెర మీద ఫొటోలు వాటంతటవే నడుస్తున్నాయి. ఆపడం నాకు రాదు. కంబళి దించితే ఎండ ఆమె కళ్ల మీద పడుతుంది. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంచి, చుక్కలు కలవడం, విడిపోవడం, మళ్లీ మొదటినుంచి కలవడం చూస్తూ కూర్చున్నాను.